వాక్స్వాతంత్ర్య మెవరి కొఱకు?

ఇటీవల నొకనాటి ఉదయమున కర్నూలు జిల్లా కోసిగి రైలు స్టేషనుకు సమీపమున నొక టీ అంగడియొద్ద మేము కొంతసేపు నిలువవలసి వచ్చెను. అచ్చటి బల్లపై నొక దినపత్రిక యుండెను. చదువు వచ్చిన యొకడు బిగ్గరగా చదువుచుండ ఏడెనిమిది మంది చుట్టును చేరి వినుచుండిరి. మన పల్లెలలో పత్రిక నేటికిని కన్నులతో పాటు చెవుల గుండ చేరుచునే యున్నది. నాటి వార్త యొక నాయకునిపై వచ్చిన ఆక్షేపణ. వినుచున్నవారిలో నొక పడుచువాడు చివాలున లేచి, “ఇట్లాంటి పేపర్లను మూయించాల మామా! అడిగేటోళ్లు లేకనే ఇట్ల రాస్తాండారు” అనెను. ప్రక్కనున్న పెద్దరైతు తలగుడ్డ సవరించుకొని, “మీ పక్కోళ్ల పేపరు మూయిస్తే ఊరకుంటావేమప్పా?” అని యడిగెను. “అదెట్ల మామా! మావోళ్లు నిజం రాస్తారు గదా” అని యతడు బదులు చెప్పెను. అందఱును నవ్విరి. అతడు మాత్రము నవ్వలేదు. తాను మనసార నమ్మినదానినే యతడు పలికెను.

ఆ మాట పల్లెటూరి యమాయకత్వ మని త్రోసివేయుటకు వీలులేదు. ప్రజాప్రభుత్వములు గల దేశము లన్నిటను, చదువరులును, మంత్రులును, శాసనసభ్యులును వాక్స్వాతంత్ర్యమును గుఱించి తలంచునది తరచుగా నిదియే. స్వాతంత్ర్యము కావలయును, కాని మావారి నోటికి. నిరోధము కూడదు, కాని ఎదిరిపక్షమువారి విషయమున నది న్యాయమే. ఈ భావమే సెన్సారునకు పునాది. ప్రభుత్వముల యుత్తరువులు ఆ పునాదిపై లేచిన గోడలు మాత్రమే.

పరపాలనమున ఈ ప్రశ్న యింత చిక్కుగా నుండలేదు. నోరు మూయించువాడు పరాయివాడు. మూయబడినది మన నోరు. కర్నూలున 1883లో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు బెజవాడనుండి “స్వరాజ్య” పత్రికను నడుపుచు, 1908లో తిరునల్వేలి అల్లర్ల పిమ్మట వెలువడిన వ్యాసము కారణముగ రాజద్రోహ నేరమునకు గురియై మూడేండ్లు చెఱ యనుభవించిరి. ఆ యేటనే తిలకు మహాశయునికి ఆఱేండ్ల శిక్ష పడి మాండలే చెఱసాలకు పంపబడెను. 1922లో గాంధిమహాత్మునికిని ఆ సెక్షను క్రిందనే ఆఱేండ్ల శిక్ష విధింపబడెను. 1910 నాటి పత్రికా శాసనము జామీను పేరిట ముద్రాపకుల మెడపై కత్తి వ్రేలాడదీసెను. ఉన్నవ లక్ష్మీనారాయణగారు చెఱలో వ్రాసిన “మాలపల్లి” నవలను సైతము దొరతనమువారు నిషేధించిరి. ఆ దినములలో రాజద్రోహ మను మాట మనవారికి బిరుదువలె వినిపించెడిది. చెఱనుండి వచ్చిన సంపాదకునికి పూలదండలు వేసిన చేతులు అతని వ్రాతలోని ప్రతి వాక్యమును సరిచూడ బోలేదు. వ్రాయుటకు అతనికి హక్కు గలదనుటయే చాలియుండెను.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట ప్రశ్న మనయింటికే వచ్చెను. ఇపుడు నోరు మూయించువాడును మనవాడే. ఈ మార్పును పరీక్షించిన తొలి వ్యవహారము కోసిగికి సంబంధింపని దూరపు కథ గాదు. 1950లో ఈ గ్రామము బళ్లారి జిల్లా ఆదోని తాలూకాలో నుండెను. మద్రాసు రాష్ట్రమునకు చెందియుండెను. ఆదోని తాలూకా ఆంధ్రరాష్ట్రమున చేరినది 1953 అక్టోబరు 1వ తేదీని. బొంబాయినుండి మద్రాసునకు పోవు రైలుమార్గము రాయచూరు దాటి, తుంగభద్రను దాటి, నాటి మద్రాసు రాష్ట్రమున ప్రవేశించినపుడు మొదట తగులు స్టేషన్లలో కోసిగి యొకటి.

బొంబాయిలో రమేశ్ థాపర్ గారు “క్రాస్ రోడ్స్” అను ఆంగ్ల వారపత్రికను ప్రకటించుచుండిరి. అది వామపక్షపు పత్రిక. కాంగ్రెసు ప్రభుత్వములను తీవ్రముగ విమర్శించుచుండెను. 1949 నాటి ప్రజాశాంతి శాసనమును చేతబట్టి మద్రాసు ప్రభుత్వము 1950 మార్చి 1వ తేదీని ఆ పత్రిక తన రాష్ట్రమున ప్రవేశింపరాదనియు, ఎవ్వరును పంచిపెట్టరాదనియు ఉత్తరువు చేసెను. రాజ్యాంగము అమలులోనికి వచ్చి అప్పటికి రెండు నెలలైనను నిండలేదు. అనగా ఆ పత్రిక రైలున వచ్చియుండినచో, తుంగభద్రకు ఆవలి యొడ్డున లేని ఈ నిషేధము ఈవలి యొడ్డున, కోసిగి స్టేషనున, తగులుకొనెడిది. నదికి ఆవలివారికి హానిచేయని కాగితము ఈవలివారికి మాత్రమేల విషమగును? ఈ ప్రశ్నకు శాసనమున సమాధానము లేదు.

థాపర్ గారు సుప్రీం కోర్టు నాశ్రయించిరి. 1950 మే 26వ తేదీని న్యాయస్థానము ఆ యుత్తరువును కొట్టివేసెను. పతంజలిశాస్త్రిగారు వ్రాసిన ఆ తీర్పు సారాంశమిది: వాక్స్వాతంత్ర్యమున పత్రిక ప్రచారమయ్యెడి స్వాతంత్ర్యము గూడ ఇమిడియున్నది; రాజ్యము భద్రతకే ముప్పు గలిగినచో నిరోధము చెల్లును గాని, సాధారణ ప్రజాశాంతి యను విశాలమైన మాటపేరిట అది చెల్లదు. తీర్పు గొప్పది. దాని యనంతరకథ అంతకంటె గమనింపదగినది. 1951 జూన్ మాసమున రాజ్యాంగమునకు తొలి సవరణ జరిగెను. ఏ ప్రజాశాంతి కారణము చాలదని కోర్టు చెప్పెనో ఆ కారణమే రాజ్యాంగమున చేర్పబడెను. నిరోధములు సహేతుకములై యుండవలె నను నియమమును కూడ నా సవరణయే చేర్చిన దనుట న్యాయము. కాని ఆ సవరణచేసిన సభలో అనేకులు తెల్లదొరల కాలమున ఇట్టి శాసనములచేతనే చెఱకేగినవారు. రాజద్రోహపు సెక్షను గర్హ్యమైనదని, దానిని వదలించుకొనుట మేలని నెహ్రూగారు ఆ చర్చలోనే చెప్పిరి. అయినను నా సెక్షను నిలిచెను. 1962లో సుప్రీం కోర్టు దాని పరిధిని కుదించెను; 2022లో దాని యమలును నిలిపెను; 2024 జూలై 1వ తేదీని పాత శిక్షాస్మృతితో కూడ అది పోయెను. పోయిన దాని స్థానమున, రాజద్రోహ మను పేరు లేకుండ, దేశసమైక్యతకు భంగకరమగు చేతలను మాటలను శిక్షించు నూతన సెక్షను కొత్త స్మృతిలో చేరెను. పేరు పోయినది, భయము పోయినదో లేదో దాని వాడుకయే చెప్పవలయును.

మనవారు ద్రోహులని చెప్పుట మా తాత్పర్యము గాదు. వారు తమ్ము దాము నమ్మిరి. తెల్లవాని చేతిలో నా యధికారము దౌర్జన్యము, మా చేతిలో నది రక్షణము అని తలంచిరి. టీ అంగడియొద్ద పడుచువాడు తలంచిన దానికిని దీనికిని భేదమేమి?

1975 జూన్ మాసమున అత్యవసరపరిస్థితి ప్రకటింపబడి పత్రికలకు ముందుగా సెన్సారు విధింపబడినపుడు ఈ నమ్మకము పరాకాష్ఠ నందెను. అచ్చునకు పూర్వము ప్రతి వార్తయు అధికారికి చూపవలసి వచ్చెను. కొన్ని పత్రికలు సంపాదకీయపు చోటును ఖాళీగ విడిచి తమ నిరసన తెలిపెను. పెక్కు పత్రికలు ఊరకుండెను. 1977 ఎన్నికలలో ఉత్తర హిందూస్థానము ఆ ప్రభుత్వమును కూలద్రోసెను. తెలుగుదేశము మాత్రము వేఱుదారి పట్టెను. ఆంధ్రప్రదేశమునందలి 42 లోక్‌సభ స్థానములలో 41 కాంగ్రెసు గెలిచెను. మిగిలిన యొక్కటి నాడు మన కర్నూలు జిల్లాలో నుండిన నంద్యాల. అచ్చట జనతాపక్షమున నీలం సంజీవరెడ్డిగారు గెలిచిరి. ఓటరు తీర్పునకు కారణములు పెక్కు. వానిలో నే యొక్కదానిని మేము నిర్ణయింపబోము. కాని యొక్క సంగతి మాత్రము స్పష్టము. సెన్సారు వలన కలిగిన నష్టమును ప్రజలు తెలిసికొనవలెనన్న, దానిని తెలుపవలసిన పత్రికయే సెన్సారు చేతిలో నుండెను. దొంగిలింపబడినదేదో తెలియని యింటివాడు దొంగపై ఫిర్యాదు చేయునా?

పిమ్మట పత్రికలకు పాలకులతోనే గాక చట్టసభలతోను పోరు తప్పలేదు. 1983 మార్చిలో శాసనమండలి కార్యక్రమములపై “ఈనాడు” పత్రిక “పెద్దల గలభా” యను శీర్షికతో వార్త ప్రకటించినందులకు మండలి హక్కులకు భంగము కలిగినదని సభవారు కినిసిరి. 1984లో ఆ పత్రికాసంపాదకుని సభకు రప్పించి మందలింప నిశ్చయించిరి. సుప్రీం కోర్టు అతనిని నిర్బంధింపరాదని నిలుపుదల ఉత్తరు విచ్చెను. సభ గొప్పదా, కోర్టు గొప్పదా యను వాదము చెలరేగెను. నాడు అసెంబ్లీ తెలుగుదేశము చేతను, మండలి కాంగ్రెసు చేతను ఉండుటవలన పలువురికి అది పక్షముల జయాపజయముల వ్యవహారముగనే తోచెను. 1985లో మండలియే రద్దయ్యెను. చిక్కు తీరకయే కథ ముగిసెను. సభ్యులను గుఱించి ఎంతవరకు వ్రాయవచ్చునో పౌరునికి నాడును తేటపడలేదు.

ఈ శతాబ్దమున సెన్సారు రూపు మారినది. పోలీసు జవాను ముద్రణాలయమునకు తాళము వేయనక్కఱలేదు. కేబులు తీగ చేతబట్టినవాడు ఒక బొత్తాము నొక్కిన చాలును. 2014 జూన్‌లో తెలంగాణమున రెండు తెలుగు వార్తా ఛానళ్ల ప్రసారములను కేబులువారు నిలిపివేసిరి. 2024 జూన్‌లో ఆంధ్రప్రదేశమున ప్రభుత్వము మారినంతనే నాలుగు ఛానళ్ల విషయమున నట్లే జరిగెను. ఢిల్లీ హైకోర్టు వానిని పునరుద్ధరింప నాజ్ఞాపించెను. 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము అసత్యవార్తలపై కేసులు పెట్టుటకు శాఖాకార్యదర్శుల కధికార మొసగుచు ఉత్తరువు నెం. 2430 వెలువరించెను. ఈ మూడు సందర్భములందును అధికారమున నున్నవి మూడు వేఱువేఱు పక్షములు. ప్రతిమాఱును ఒక పక్షమువారు వాక్స్వాతంత్ర్యము నశించెనని వాపోయిరి. రెండవ పక్షమువారు తగినశాస్తి జరిగెనని సంతసించిరి. ఏండ్లు తిరిగినంతనే యేడ్చినవారు నవ్విరి, నవ్విన వా రేడ్చిరి. ఏ పక్షమునకును ఈ యనుభవము గుణపాఠము కాలేదు.

ఇది మన జాతికే ప్రత్యేకించిన లోపమని నిస్పృహ చెందనక్కఱలేదు. అమెరికా సంయుక్త రాష్ట్రముల రాజ్యాంగమున వాక్స్వాతంత్ర్యమును భంగపఱచు శాసనము చేయరాదని 1791లోనే వ్రాసికొనిరి. ఏడేండ్లు గడచునంతలో, 1798లో, ప్రభుత్వమును దూషించు వ్రాతలను శిక్షించు శాసనము చేసిరి. మొదటి ప్రపంచయుద్ధమున 1918లో యుద్ధవ్యతిరేక ప్రసంగము చేసినందులకు యూజీన్ డెబ్స్ అను సోషలిస్టు నాయకునికి పదేండ్ల శిక్ష వేసిరి. అతడు 1920లో చెఱనుండియే రాష్ట్రపతి పదవికి నిలువగా తొమ్మిది లక్షలకు పైగా ఓట్లు వచ్చెను. 1954లో స్టౌఫర్ అను పండితుడు అచ్చటి ప్రజల యభిప్రాయములను విచారించెను. కమ్యూనిస్టు వ్రాసిన పుస్తకమును ఊరి గ్రంథాలయమునుండి తీసివేయవలెనని దాదాపు మూడింట రెండు పాళ్ల మంది చెప్పిరి. వాక్స్వాతంత్ర్యము వలదని వారి తలంపు గాదు. కమ్యూనిస్టునకు వలదనియే వారి తలంపు. ఇంగ్లండున మిల్టను కవి ముద్రణనిరోధమును ఖండించుచు 1644లో వ్రాసినను, రంగస్థలముపై నాడదలచిన ప్రతి నాటకమును ఒక రాజోద్యోగికి ముందుగ చూపవలె నను నియమము 1968 దాక నిలిచియే యుండెను. 2015లో ప్యూ సంస్థ సుమారు నలువది దేశములలో జరిపిన విచారణ యిదియే తెలిపెను. ప్రభుత్వవిధానములను విమర్శింపవచ్చునని ఐదింట నాలుగు పాళ్ల వారు అంగీకరించిరి. తమ మతమును నొప్పించు మాటలకును స్వేచ్ఛ యుండవలె ననువారు మూడింట నొక పాలు మాత్రమే. మాటయందు స్వేచ్ఛ యందఱికి నిష్టమే. నొప్పించు మాట కొలదిమందికే సహ్యము.

ఇచ్చట నొక యాక్షేపణ రాగలదు. అట్లయిన అబద్ధము వ్రాసినవానిని, పరువు తీసినవానిని, రెండు మతములకు పోరు పెట్టువానిని విడువవలెనా? విడువవలదు. మా వాదము అది గాదు. కోపించిన గుంపునకు ఎదుట నిలిచి ఫలానావాని యిల్లు తగులబెట్టుడని పురికొల్పుటయు, ప్రభుత్వపు లెక్కలు తప్పని వ్రాయుటయు ఒక్కటి గాదు. పరువునష్టమునకు కోర్టులు గలవు. అబద్ధమునకు జవాబు గలదు, సవరణ గలదు, రుజువైనపుడు శిక్షయు గలదు. మేము కోరునది రెండు నియమములు. మొదటిది: మాట వెలువడిన పిమ్మట, కారణము చూపి, న్యాయస్థానమున విచారింపవలె గాని వెలువడకమునుపే నోరు నొక్కరాదు. రెండవది: ఏ మాట యబద్ధమో నిర్ణయించువాడు ఆ మాటవలన నొచ్చుకొన్నవాడే కారాదు. తన పొలము గట్టు తగవును తానే తీర్చుకొను రైతును ఊరు మెచ్చునా? తనపై వచ్చిన విమర్శకు తానే తీర్పరియగు ప్రభుత్వమును మెచ్చు టెట్లు?

ఈ రెండవ నియమము తప్పినపుడు ముందుగ మునుగునది ఎవరో మన మెట్టసీమవారికి ఎవ్వరును బోధింపనక్కఱలేదు. 1876–78 నాటి ధాత కరువున బళ్లారి, కర్నూలు, కడప మండలములు శ్మశానములాయెను. ఆ కరువు తీరిన 1878లోనే లిట్టన్ దొర దేశభాషాపత్రికల నోరు కట్టుటకు శాసనము చేసెను. ఆంగ్లపత్రికలకు మాత్ర మది వర్తింపలేదు. పాలకునికి భయము దొరల భాషలో వచ్చిన విమర్శనుండి గాక, రైతు వినగల భాషలో వచ్చిన విమర్శనుండి యని దీనివలన తెలియుచున్నది. 1943లో వంగదేశమున జనులు వీధులలో కూలుచుండగా కరువను మాట వాడుటకు సైతము యుద్ధకాలపు నిబంధనలు అడ్డువచ్చెను. ఆగస్టు మాసమున “స్టేట్స్‌మన్” సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్, చిత్రములను నిషేధించు నిబంధన లేదని కనిపెట్టి, ఆకలిచావుల ఛాయాచిత్రములను ప్రకటించెను. దాచబడిన కరువు లోకమున కప్పుడు కనబడెను. పత్రికాస్వాతంత్ర్యము గల ప్రజాప్రభుత్వమున మహాక్షామము సంభవింపలేదని అమర్త్యసేన్ గారు చేసిన పరిశీలన లోకవిదితము. పత్రిక వాన కురిపింపలేదు. వాన కురియలేదని రాజధానికి చెప్పగలదు. చెప్పినవానిని దేశద్రోహి యనినచో గింజలబండి కదలదు.

పాఠకులలో పొలములు గల పెద్దలును, పట్టణములందు పలుకుబడి గల వారును ఉన్నారు. వారికి మేము చెప్పదలచిన దొక్కటి గలదు. సెన్సారు రాజధానులందే పుట్టదు. అది మన రచ్చబండ మీదను గలదు. ఏటేట ఈ ప్రాంతమునుండి కూలిజనము పిల్లాపాపలతో గుంటూరు మిరపచేలకును, పత్తిచేలకును వలసపోవుచున్నారు. అట్టి కూలివాడొకడు గ్రామసభలో లేచి, మస్టరులో తన పేరేల లేదని, బోరునీరు తమ వీధికేల రాదని యడిగినచో, మఱునాడు అతనికి పని దొరకునా? అతని పేరు పింఛను పట్టికలో నిలుచునా? దొరకదని, నిలువదని అతడు భయపడి కూర్చుండినచో ఆ నోరు కట్టినది ఏ శాసనము? ఏ మంత్రి? ఆ నోటికి తాళము వేసినది మన చూపు, మన కనుబొమ్మల ముడి. పత్రికకు తాళము పడినపుడు నిరసించి, ఈ తాళమును గుర్తింపకుండుట న్యాయము గాదు. పల్లెలో ప్రశ్న నోర్వలేని మనస్సు పట్టణమున పత్రిక నోర్వగలదా?

కావున వాక్స్వాతంత్ర్యమును కొలుచుటకు మన చేతిలో నొక తక్కెడ గలదు. మన కిష్టమైన మాటను దానిలో తూచి ప్రయోజనము లేదు. అది ఎన్నడును బరువు కాదు. మనకు రోత పుట్టించు మాటను, మన నాయకుని నిందించు వ్రాతను, మన కులమును మన పక్షమును తప్పుపట్టు ప్రశ్నను తూచి చూడవలయును. దానిని అణచుట కుత్తరువు వెలువడిన నాడు, ఆ మాట తప్పని మనము నమ్మినను, ఆ యుత్తరువు కూడదని పలుకగలమా? పలుకగలిగినచో మనకు వాక్స్వాతంత్ర్యము గలదు. పలుకలేనిచో మనకున్నది వంతుమాత్రమే. నేడు వారి నోరు మూయుట మన వంతు, రేపు మన నోరు మూయుట వారి వంతు.

టీ అంగడియొద్ద ఆ పెద్దరైతు వేసిన ప్రశ్నకు పడుచువాడు సరియైన జవాబు చెప్పలేదు. 1951లో పార్లమెంటును, 1984లో శాసనమండలియు, ఈ శతాబ్దపు ప్రభుత్వములును అంతకంటె మంచి జవాబు చెప్పలేకపోయెను. మా రైలు వచ్చువేళకు వారి చర్చ మఱియొక వార్తకు మారెను. పత్రిక మాత్రము చేతినుండి చేతికి పోవుచునే యుండెను. ఒప్పుకొన్నవాడును, ఒప్పుకొననివాడును దానిని వినుచునే యుండిరి. ఆ బల్లపై రెండు పక్షముల పత్రికలకును చోటుండవలెననియు, వానిని విని తప్పొప్పులు తేల్చుకొను భారము ఉత్తరువులకు గాక ఆ వినువారికే విడువవలెననియు మేము కోరుచున్నాము.